ఏడు రంగుల కింద వేగిస: మా వీధి గుమ్మం పని డైరీ

ఆగస్టు 3, ఆదివారం

రాత్రి వానకి వీధి గుమ్మం ఎడమ నిలువు అడుగున రంగు ఉబ్బింది. పొద్దున్న ముగ్గేసి లేస్తూ గోటితో అలా కదిపానో లేదో, అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. దాని అంచు చూస్తే పుస్తకం పుటల్లా పొరలు. పెయింటరుని పిలిపించాను. "ప్రైమరు కొట్టి రెండు కోట్లు ఎనామిల్ లాగించేత్తే సిరిమానుకి తళతళలాడిపోద్దమ్మా" అన్నాడు. నాకు తెలివొచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో జరుగుతున్నది అదే. పండగ ముందు ఒక పూత, మళ్ళీ నాలుగైదేళ్ళకి దాని మీద ఇంకొకటి. ఈసారి వద్దన్నాను. గీకి కర్ర దాకా వెళ్తాను.

మాది విజయనగరంలో కోటకి దగ్గర్లో పాత పెంకుటిల్లు. వీధి గుమ్మానికి రెండు రెక్కల తలుపు, అయిదంగుళాల మందం ద్వారబంధం. పైపట్టీ మీద నడిమిని తామరపువ్వు, అటూ ఇటూ రెండు పిట్టలు చెక్కి ఉన్నాయి. రంగు పేరుకుపోయి పిట్టలకి ముక్కూ కళ్ళూ ఏవీ ఆనవు. చిన్నప్పటి నుంచి వాటిని పావురాలనే అనుకున్నాను. మా ముత్తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి వచ్చిన మనిషి. అప్పట్లో మన ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కి కూలికీ వ్యాపారానికీ వెళ్ళని ఊరు లేదు. అందుకని ఈ గుమ్మం బర్మా టేకు అని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. అమ్మ అయితే వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

సిరిమాను, అంటే మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, అక్టోబరు 7, మంగళవారం. బ్యాంకు పని వల్ల నాకు చేతికి దొరికేవి ఆదివారాలే. లెక్కేస్తే పది ఉన్నాయి.

ఆగస్టు 10, ఆదివారం

పని ముట్టుకునే ముందు ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. మా గుమ్మం మీద పొరల్లో ఎక్కువ భాగం అంతకు ముందువే. కాబట్టి పరీక్ష లేకుండానే సీసం ఉన్నట్టే లెక్కవేసుకున్నాను. పొడిగా సాండ్‌పేపరు పట్టి దుమ్ము లేపడం ఆ రంగు పోయేదాకా లేదు. పండక్కి అప్ప, అదే మా అక్క, మనవలు వస్తారు, చిన్నవాడు ఇంకా పాకుతున్నాడు. ఆ దుమ్ము నేల మీద మిగిలితే వాడి చేతికీ, అక్కణ్ణుంచి నోటికీ వెళ్తుంది.

కింద టార్పాలిన్ పరిచాను. ముక్కుకి ఎన్95 మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు. హీట్ గన్ 350 డిగ్రీలు దాటనివ్వలేదు. వేడి 600 దగ్గరకి పోతే సీసం ఆవిరై గాల్లో కలుస్తుంది. అదీగాక కర్ర మాడుతుంది. రెండంగుళాల దూరంలో పట్టుకుని గన్‌ని ఒకచోట నిలపకుండా కదుపుతుంటే రంగు అప్పడం పొంగినట్టు పొంగుతుంది. ఆ క్షణంలో స్క్రేపరు ఏటవాలుగా తోస్తే రిబ్బనులా లేచి వస్తుంది. క్షణం ఆలస్యమైతే మళ్ళీ గట్టిపడిపోతుంది. ఈ లయ చేతికి అందడానికి గంట పట్టింది. అందాక మాత్రం లేవబుద్ధి కాలేదు.

కుడి నిలువు మీద ఒకచోట రూపాయి బిళ్ళంత మేర తడి గరుకు కాగితంతో మెల్లగా అరగదీశాను, పొరలు లెక్కపెట్టాలని. ఉంగరాల్లా ఒకదానిలో ఒకటి బయటపడ్డాయి. చాక్లెట్ రంగు, క్రీము, మళ్ళీ చాక్లెట్, ఆకుపచ్చ, నీలం, బూడిద, అన్నిటికన్నా కింద ఇటుక ఎరుపు. ఏడు. అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని వంగి చూసింది. "ఈ నీలం నా పెళ్ళికి వేయించారు మీ తాతగారు. నేను కాపురానికొచ్చినప్పుడు గుమ్మం ఇదే రంగులో ఉంది" అంది. ఆ బిళ్ళంత చోటు అలాగే వదిలేయమని అడిగింది. తలుపు తెరిస్తే రెక్క వెనక్కి పడే చోటు అది. వదిలేశాను. మొత్తం పని అయ్యాక కూడా అది అక్కడే ఉంటుంది.

ఆగస్టు 17, ఆదివారం

చెక్కడం ఉన్నచోట హీట్ గన్ పనికిరాదు, సన్నటి అంచులు ముందు మాడతాయి. పెయింట్ రిమూవర్ బ్రష్‌తో దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఇరవై నిమిషాలు వదిలాను. దాని ఘాటు తలకెక్కుతుంది. తలుపులూ కిటికీలూ బార్లా తీసి, దీపారాధన అప్పటికే కొండెక్కిందని చూసుకుని, గ్యాసు ఆపించి మరీ మొదలెట్టాను. మెత్తబడ్డ రంగుని పళ్ళు తోముకునే పాత బ్రష్‌తోనూ, చివర చెక్కి పదును పెట్టిన వెదురు పుల్లలతోనూ తీశాను. ఇనుప మేకుతో గోకితే కర్ర మీద గీతలు పడతాయి, వెదురుతో ఆ భయం లేదు.

సాయంత్రం నాలుగింటికి కుడివైపు పిట్టకి ముక్కు వచ్చింది. వంకీ తిరిగిన ముక్కు, మెడ చుట్టూ గీత, నోట్లో జామకాయ. చిలక! ఎడమదాని నోట్లో కాయ లేదు, ఆకు ఉంది. రెండూ ఒక అచ్చులో పోసినట్టు లేవు. ఎవరో మనిషి కూర్చుని, దీనికి కాయ పెట్టాను కదా దానికి ఆకు పెడదామనుకుని చెక్కాడు. అమ్మని పిలిచాను. ఆవిడ ఈ ఇంటికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది, ఆవిడకీ ఇదే మొదటిసారి చూడడం. ఈ ఒక్క పూట కోసం ఎన్ని ఆదివారాలైనా ఇవ్వొచ్చు.

ఆగస్టు 24, ఆదివారం

రిమూవర్ జిడ్డు పోవాలని ముందు టర్పెంటైన్‌తో తుడిచి, తరవాత తడిగుడ్డ పట్టాను. గుడ్డ పసుపుపచ్చగా అయింది. రంగు ఇంకా మిగిలిందేమోనని ఇంకో గుడ్డ తీసుకున్నా అదే వరస. కారిన నీళ్ళు పక్కన సున్నం గోడ మీద పసుపు చారలు కట్టాయి. తలుపు రెక్కల మీద రుద్దితే మాత్రం ఏమీ లేదు, ద్వారబంధం నుంచే వస్తోంది.

మా వీధి చివర పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటిన వడ్రంగి. బాబాయ్ అని పిలుస్తాం. వచ్చి, చూసి, కర్ర వాసన చూశారు. గోడ మీద చారలు చూసి నవ్వారు.

"ఇది టేకు కాదు తల్లీ. రెక్కలు టేకే. గుమ్మం యేగిస."

గాజుగ్లాసుతో నీళ్ళు తెమ్మన్నారు. ద్వారబంధం వెనకనుంచి ఉలితో గోరంత పేళ్ళు రెండు తీసి అందులో వేశారు. అరగంట పోయాక గ్లాసు ఎండలోకి పట్టుకెళ్ళమన్నారు. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే నీళ్ళు తేనెరంగు, పక్కనుంచి చూస్తే అంచున నీలంగా మెరుస్తున్నాయి. షుగరున్న వాళ్ళు రాత్రి నీళ్ళు పోసుకుని పొద్దున్న తాగే చెక్క గ్లాసులు ఉంటాయి చూశారూ, ఆ చెక్క ఇదే. వేగిస మన తూర్పు కనుమల్లో పెరిగే చెట్టు. రంగూన్ నుంచి ఓడ ఎక్కి రావాల్సిన పని లేదు.

అమ్మ ముఖం కాస్త చిన్నబోయింది. "మరి మీ తాతగారు బర్మా టేకు అనేవారే" అంది. బాబాయ్ గడప మీద చెయ్యి వేసి అన్నారు: "గుమ్మానికి యేగిసే మేలు వదినా. సేవ ఉన్న యేగిసకి సెద పట్టదు. ఎవులు కట్టేరో గాని తెలిసినోడే కట్టేడు." ఆయన సేవ అన్నది చేవ, చెక్క లోపలి గట్టి భాగం. ఆయన చెప్పాక నాకు ఇంకోటి తోచింది. రెక్కలకి టేకు, బరువు మోసే ద్వారబంధానికి వేగిస. టేకు పెద్దగా వంకరపోదు, అందుకే కదిలే రెక్కకి దాన్ని వాడారు. డబ్బు చాలక ఒకటి, చాలి ఒకటి కొన్నది కాదు.

ఆగస్టు 31, ఆదివారం

చవితి వెళ్ళింది. పైపట్టీ నిండా మేకులు. మామిడాకుల తోరణం కట్టినప్పుడల్లా ఒకటి కొట్టారు, పాతది తుప్పు పట్టి విరిగితే దాని పక్కనే కొత్తది. నలభై ఒకటి పీకాను. తల లేనివాటికి చుట్టూ సన్నటి ఉలితో చోటు చేసి కటింగ్ ప్లేయరుతో లాగాల్సి వచ్చింది. ప్రతి మేకు చుట్టూ సిరా ఒలికినట్టు నల్లమరక. వేగిస బెరడు కోస్తే ఎర్రటి జిగురు కారుతుంది, దానికి వగరు ఎక్కువ. కర్రలోనూ ఆ వగరు ఉంది. వగరుకి ఇనుమూ తడీ తగిలితే నలుపు పుడుతుంది. కరక్కాయ రసంలో ఇనుము కలిపి వెనక సిరా చేసుకునేవారే, అదే పని ఇక్కడ నా గుమ్మం మీద జరిగింది.

మరకలకి ఆక్సాలిక్ ఆసిడ్ పొడి. అర లీటరు వేడినీళ్ళలో మూడు చెంచాలు, ప్లాస్టిక్ మగ్గులో. ఇది విషం. వంటింటి గిన్నె, చెంచా దీనికి వాడకూడదు, చేతులకి తొడుగులు ఉండాలి. మరక మీదే పూస్తే చుట్టూ తెల్ల వలయం మిగులుతుంది, అందుకని పట్టీ మొత్తం తడిపాను. నలుపు కళ్ళముందే గోధుమరంగుకి దిగింది. మధ్యాహ్నం ఇంకోసారి పూసి, ఆరాక మంచినీళ్ళతో నాలుగుసార్లు కడిగాను, చివరికి తినేసోడా కలిపిన నీళ్ళతో. కడగకుండా సాండ్‌పేపరు పడితే ఆ పొడి ముక్కులోకి పోతుంది. మేకు లోపల ఉంచి ఇదంతా చేసినా లాభం లేదు, మొదటి వానకే మళ్ళీ నల్లబడుతుంది. ఒకటి తల విరిగి లోపలే ఉండిపోయింది. దాని మరక ఎంత చేసినా సగమే తగ్గింది.

చిల్లులకి లప్పం పెట్టేద్దామనుకున్నాను. బాబాయ్ వద్దన్నారు. రంపంపొట్టు, ఫెవికాల్ కలిపి నింపితే నూనె ఆ చోట ఇంకదు, ఒంటి మీద మచ్చల్లా ఉండిపోతాయి. వేగిస పేళ్ళతోనే సన్నటి చీలలు చెక్కి ఇచ్చారు. కొట్టి, పైన ఉలితో సమానంగా కోశాను. ఇప్పుడు వెతికితే గానీ కనబడవు.

సెప్టెంబరు 7, ఆదివారం

ఎడమ నిలువు అడుగు. మొదటిరోజు పెచ్చు ఊడిన చోటు. స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కితే వెన్నలోకి దిగినట్టు దిగింది. చెద. కానీ లోతు ఒక అంగుళమే, అదీ బయటి మూలనే. ఆ మూల తెల్లటి చెక్క ఉంది, చేవ లేని భాగం. చెదపురుగు తెల్లదాన్ని తిని, ఎర్రటి చేవ దగ్గర ఆగిపోయింది. గీత గీసినట్టు కనబడుతోంది ఎక్కడ ఆగిందో.

కుళ్ళిన మేర బాబాయ్ ఏటవాలుగా కోసి తీసేశారు. పాత ఇల్లు కూల్చినచోట దొరికిన వేగిస ముక్క ఆయన దగ్గర ఉంది. దాన్ని అదే వాలుకి చిత్రిక పట్టి అతికించారు, ఇనుప స్క్రూ లేకుండా రెండు చెక్క చీలలతో. వాలుగా కోస్తే అతుకు పొడుగవుతుంది, వాన నీరు నిలవదు. అడుగున నేలకి తగిలే కొసకి చెదల మందు పట్టించాం. అసలు కారణం వేరే ఉంది. కొన్నేళ్ళ కిందట అరుగు మీద టైల్స్ వేయించినప్పుడు సిమెంటు ఎత్తుచేసి నిలువు కాలిని అందులో పూడ్చేశారు. కర్ర తడి పీల్చుకుంటూ ఆరడానికి దారిలేకుండా కూర్చుంది. పైన ఎనామిల్ మూత ఉండనే ఉంది. చుట్టూ అరంగుళం సిమెంటు కొట్టించి ఖాళీ వదిలాను.

సెప్టెంబరు 14

అరగదీయడం. 80 నంబరు, 120, 180. ఇప్పుడు రంగు లేదు కాబట్టి పొడిగానే, మాస్కుతో. ఇంకేం చెప్పడానికి లేదు, భుజాలు నొప్పి.

సెప్టెంబరు 21, ఆదివారం

ఈరోజు తొందరపడ్డాను. రెక్కల లోపలివైపు లక్క పాలిష్ అనుకున్నాం. లక్క రేకులు పావుకిలో, లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి పెట్టుకున్నాను. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. బాబాయ్ ఊళ్ళో లేరు. ఆదివారం పోతుందన్న ఆత్రంతో దూదిని మెత్తటి గుడ్డలో మూటకట్టి రుద్దడం మొదలెట్టాను. మొదటి చెయ్యి తేనెలా వచ్చింది. మూడోది వేసేసరికి పాలు పోసినట్టు తెల్లటి మసక కమ్మేసింది. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క మీద చల్లదనం తెస్తుంది, గాల్లో చెమ్మ దాని మీద వాలి లక్కలో చిక్కుకుపోతుంది. వానరోజు లక్క ముట్టుకోకూడదని ఆయన ముందే చెప్పారు. నేను వినలేదు.

సెప్టెంబరు 24, బుధవారం

ఎండ కాసింది. సెలవు పెట్టాను. మూటని స్పిరిట్‌లో తడిపి, పిండి, తడి తెలిసీ తెలియనట్టు ఉండగా మసక మీద మెల్లగా ఒక్కో తోపు పోనిచ్చాను. లక్క మళ్ళీ కరిగి, చెమ్మ వదిలి, తేట అయింది. గీకక్కరలేకుండా చేసిన తప్పు అదే పూతలో దిద్దుకోవడం ఎనామిల్‌తోనో పీయూ అనే పాలీయురెథేన్ వార్నిష్‌తోనో కుదరని పని. ఆపైన నాలుగు చేతులు వేశాను, ఎండ ఉన్నంతసేపే.

సెప్టెంబరు 28, ఆదివారం

వీధి వైపుకి ఏమి వేయాలన్నది నెల రోజుల వాదన. మా ఆయన పీయూ అన్నారు, అద్దంలా ఉంటుందని. లక్క వానకి ఆగదు, అది నిజం. బాబాయ్ ఒకటే మాట: "పీయూ ఏత్తే బాగుంటాది తల్లీ, నాను కాదన్ను. సెడిననాడు మళ్ళీ మొత్తం గీకాల. నూనైతే ఏడాదికోపాలి గుడ్డతో తుడుసుకుంటే సాలు." గీకడం ఏమిటో ఆదివారాల తరబడి చేసిన చేతులివి. నూనెకే ఓటు వేశాను.

డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే కాచిన అవిసె నూనె. మొదటి పూతకి టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపాను, లోపలికి ఇంకాలని. టేకులో సొంత జిడ్డు ఉంటుంది, పైపూతని ఆరనివ్వదు. అందుకని రెక్కల బయటివైపు ముందుగా థిన్నరుతో తుడిచాను. పూసి ఇరవై నిమిషాలాగి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తీసేయాలి. తీయకపోతే వారమైనా జిగటే. నూనె తగలగానే వేగిస రంగు లేచింది, బెల్లప్పాకంలో ఎర్రటి చారలు. తామరపువ్వు రేకుల్లో నీడలు పడ్డాయి.

ఇది చదివి ఎవరైనా చేస్తే ఒక్క సంగతి మరవకండి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి పోగై నిప్పు దానంతటదే రాజుకుంటుంది. దండెం మీద విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో ముంచాలి. నేను రెండూ చేశాను.

అక్టోబరు 5, ఆదివారం

రెండో పూత, మూడో పూత అయిపోయాయి. గోడ మీద పసుపు చారలకి సున్నం వేయించాను. ఇప్పుడు తడి తగిలినా ద్వారబంధం రంగు దిగడం లేదు.

గడప మిగిలింది. దాని మీద పసుపు ఎనామిల్, ఎర్రటి పెయింటు బొట్లు ఉండేవి. రోజూ పసుపు రాయక్కర్లేకుండా ఎప్పుడో వేయించారు. అమ్మ మాత్రం శుక్రవారాలు దాని మీదే పసుపు రాసేది, రాసిన గంటకే జారిపోయేది. గీకి చూస్తే నడిమి అరిగి పల్లంగా ఉంది. గడప తొక్కని ఇంట్లో అరుగుదల ఎక్కణ్ణుంచి అంటే, వెనక ధాన్యం బస్తాలు ఈ గుమ్మంలోంచే ఈడ్చేవారట. దీనికి ఒక్క పూత నూనె పట్టించి తుడిచేశాను, మరేమీ లేదు. పసుపు కర్రలోకి దిగిపోతుంది, మరక పడుతుంది, ఎండకి వెలుస్తుంది, అమ్మ మళ్ళీ రాస్తుంది. ఆవిడకి కావలసింది అదే.

అక్టోబరు 6, సోమవారం, తొలేళ్ళు (సిరిమానుకి ముందురోజు)

అప్ప, పిల్లలు పొద్దున్న బండికి దిగారు. వీధంతా జనం, పైడితల్లి గుడి వైపు వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ. అప్ప గుమ్మం ముందు ఆగిపోయి, "ఇవి చిలకలుటే!" అంది. అమ్మ వెనకనుంచి, "వేగిస గుమ్మం. చేవ ఉన్నది. చెద పట్టదు" అని చెబుతోంది. తోరణానికి ఈసారి మేకు కొట్టలేదు, పైపట్టీ రెండు కొసలా ఇత్తడి కొక్కేలు పెట్టాను.

కుడి రెక్క మాత్రం పైన పట్టేస్తోంది, భుజంతో నెట్టాల్సి వస్తోంది. చిత్రిక పట్టమంటే బాబాయ్ ఒప్పుకోలేదు. వానాకాలం చెక్క ఉబ్బి ఉంటుంది, ఇప్పుడు తీస్తే ఎండల్లో సందు పడుతుందన్నారు. సంక్రాంతికి మళ్ళీ చూద్దాం. ఈలోపు వంటింటి తలుపు ఉంది, పనస కర్ర అంటున్నారు. మూలన కొంచెం గీకి చూశాను, లోపల నిమ్మపండు రంగు.